ఓడ కడుపులో ఆశాభంగం: వివాన్ సుందరం ధ్వని ఇన్‌స్టలేషన్ – ఒక పరిశీలన

1946 ఫిబ్రవరి 18న నాసిరకం తిండికీ, జాత్యహంకారానికీ వ్యతిరేకంగా బొంబాయి ‘తల్వార్’ కేంద్రంలో మొదలైన నావికుల తిరుగుబాటు విశాఖపట్నాన్నీ తాకింది. పటేల్ సలహాపై వారు 23న లొంగిపోయారు. కొలువులు పోయినవారిని స్వతంత్ర భారత నౌకాదళం తిరిగి చేర్చుకోలేదు. ఆ ఆదర్శం, ఆ ఆశాభంగమే ఆశిష్ రాజాధ్యక్ష తదితరులతో కలిసి వివాన్ సుందరం 2017లో ముంబయిలో ప్రదర్శించిన ‘మీనింగ్స్ ఆఫ్ ఫెయిల్డ్ యాక్షన్: ఇన్సరెక్షన్ 1946’కు వస్తువు.

ఓడ కడుపును తలపించే నిర్మాణంలోకి ప్రేక్షకుడు శ్రోతగా ప్రవేశిస్తాడు. దృశ్యం నుంచి చూపు తిప్పుకోవచ్చు. చుట్టుముట్టిన ధ్వని నుంచి తప్పుకోలేము. శీర్షికలోని ‘అర్థాలు’ అనే బహువచనం పరాజయంపై ఏకైక తీర్పును నిరాకరిస్తుంది. అయితే విన్న తర్వాత శ్రోత క్షేమంగా బయటికి నడుస్తాడు. నావికులకు ఆ వెసులుబాటు లేదు. మ్యూజియం పరిమితి ఇదే.

ధ్వనినీ పాఠంగా చదవగలిగితే, మన పొరుగు రేవు మౌనం కూడా తెలుగు పరిశోధనకు వస్తువవుతుంది.