కొలతలు రాయని ఓడలు

ఓడ బొమ్మలు చేసే సరదా పట్టుకున్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ‘విక్టరీ’ పెట్టె దగ్గరికి వచ్చి ఆగుతారు. 1765లో నీళ్ళలోకి దిగిన ఓడ అది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ప్రాణం పోయింది దాని మీదే. ఇటలీ, స్పెయిన్ కంపెనీలు దాన్ని కిట్లుగా కట్టి అమ్ముతాయి. పెట్టె విప్పితే లేజరుతో కోసిన ప్లైవుడ్ ముక్కలు, సన్న పుల్లల కట్టలు, లోహపు ఫిరంగులు, రకరకాల దారపు ఉండలు, మంచం మీద పరిస్తే అంచులు దాటి వేలాడే నక్షాలు. ఏ ముక్క ఎక్కడ అతకాలో అంకె వేసి మరీ ఇస్తారు. ఓపిక మాత్రం పెట్టెలో రాదు. సాయంత్రాలు కూర్చుని చేసుకునేవాడికి ఏడాదిలో అయిందంటే త్వరగా అయినట్టే.

ఏలూరు జిల్లా చింతలపూడిలో ఎవరైనా ఈ పని పెట్టుకుంటానంటే పక్కింటివాళ్ళు నవ్వుతారు. మెట్ట ఊరు. చుట్టూ మామిడి తోటలు, ఆయిల్‌పామ్, కోకో, గట్ల మీద తాళ్ళు. ఇక్కడ ఓడేమిటి? అయితే తమ్మిలేరు సంగతి మర్చిపోకూడదు. నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు కట్టి ఆపింది పోను మిగిలిన నీరు ఏలూరు మీదుగా కొల్లేటిలో పడుతుంది. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, ఉప్పుటేరు నుంచి బంగాళాఖాతం. ఆ దిగువంతా ఒకప్పుడు పడవలే. నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు దాటుకుంటూ వచ్చే ఏలూరు కాలువలో ధాన్యం పడవలు తిరిగేవి. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు. లేదంటే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. లాకుల దగ్గర పడవ ఎక్కేవరకో దిగేవరకో నీటి కోసం కూర్చునేవారు.

కాబట్టి ఈ ప్రాంతపు మనిషి ఓడ బొమ్మ చేయాలనుకుంటే విక్టరీ ఒక్కటే దారి కాదు. విక్టరీ చేయడం తప్పని కాదు. కిట్టు ముందేసుకున్నవాడు సూచనలు పాటించడం బాగా నేర్చుకుంటాడు, ఓడ గురించి నేర్చుకునేది తక్కువ. వంపు ఎందుకు అక్కడే మొదలైంది, పలక ఎందుకు ముక్కు దగ్గర సన్నబడింది అన్న ప్రశ్నలు వాడికి ఎదురే కావు. వేరెవరో ఇదివరకే జవాబులు చెప్పేసి పంపారు.

ఈ విద్య పాతదే. ఈజిప్టులో మెకెత్రె అనే ఉన్నతాధికారి సమాధిని 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ బృందం తవ్వితే, దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి చెక్క పడవలు రంగులతో సహా బయటపడ్డాయి. అందులో ఒకటి రెండు రెల్లు పడవల మధ్య వల లాగుతున్న జాలర్ల బొమ్మ. కొల్లేటివాళ్ళకు చూపిస్తే ఇందులో వింతేముంది అంటారు. పదిహేడో శతాబ్దానికి వచ్చేసరికి ఇంగ్లండులో నౌకాదళం కోసం మోడళ్ళు చేసేవారు. చాలావాటికి కొలత నలభై ఎనిమిదో వంతు. కింది భాగానికి పలకలు కొట్టకుండా లోపలి వంపు కర్రలు కనపడేలా వదిలేవారు. ఓడ పొట్ట ఎలా కూర్చారో చూసేవాడికి తెలియాలని.

వీటన్నిటికంటే గొప్పవి ఖైదీలు చేసినవి. 1797లో ఇంగ్లండులో నార్మన్ క్రాస్ అనేచోట యుద్ధఖైదీల కోసం ఒక జైలు తెరిచారు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి నావికులు అక్కడ ఏళ్ళ తరబడి మగ్గారు. భోజనంలో వచ్చిన మాంసం తిని, ఎముకలు ఉడకబెట్టి, ఆరబెట్టి, సన్నని పలకలుగా కోసి వాటితో ఓడలు కట్టారు. జైలు గేటు దగ్గర సంతలో అమ్ముకున్నారు. వాళ్ళ దగ్గర నక్షాలు లేవు. ఓడ మీద బతికిన జ్ఞాపకం ఉంది, చేతికి అందిన ఎముక ఉంది. ఆ బొమ్మల్లో కొలతలు అక్కడక్కడ తప్పుతాయని నిపుణులు అంటారు, ఇవాళ మాత్రం వాటిని మ్యూజియాల్లో అద్దాల వెనక పెట్టారు.

మన దగ్గర మోడల్ చేసేవాడి పరిస్థితి ఇంచుమించు ఆ ఖైదీలదే. ఓడలు లేక కాదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 1669 నుంచి 1679 వరకు ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు నరసాపురం గురించి రాసిందంతా పొగడ్తే. మంచి కలప, మంచి ఇనుము, మేకులూ లంగర్లూ కొట్టగల కమ్మర్లు, ఆరితేరిన ఓడ మేస్త్రీలు ఒక్కచోటే దొరుకుతారన్నాడు. కట్టిన ఓడను నీళ్ళలోకి దించడంలో వాళ్ళకున్న నేర్పును ప్రపంచంలో ఎక్కడి పనితనానికీ తీసిపోనిదిగా చూశాడు. తాళ్ళు పేనడంలో కూడా మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు వర్తకులు పక్కనే మాధవాయిపాలెంలో మకాం పెట్టి ఏటా ఇక్కడ ఓడలు కట్టించుకునేవారు. ఇవాళ నరసాపురం అంటే లేసు గుర్తుకొస్తుంది, ఓడ గుర్తుకు రాదు.

తూర్పుగా పోతే కోరంగి. 1802లో రోబక్ అనే ఇంగ్లీషువాడు అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుపాను ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అనే మాట పుట్టించాడు. కోరంగి ఉప్పెన సంగతి రాసినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు.

ఇంత జరిగినా, నరసాపురం మేస్త్రీ గీసిన నక్షా ఒక్కటీ మోడల్ చేసేవాడి చేతికి రాదు. ఈ తీరంలో పడవ పని కాగితం మీద నడిచేది కాదు. ఫలానా పొడవు వెన్నుకు ఇంత వెడల్పు, ఇంత లోతు అన్న లెక్క మేస్త్రీ నోట్లో ఉండేది, వంపు కంట్లో ఉండేది. కొడుకు చేతికి బాడిశ వచ్చేసరికి లెక్కా వచ్చేది. కొడుకు వేరే పనిలోకి పోతే లెక్క అంతటితో సరి.

గీసినవాళ్ళు పరాయివాళ్ళు. శ్రీలంకలో త్రింకోమలి డాక్‌యార్డులో పెద్ద మేస్త్రీగా పనిచేసిన జాన్ ఎడీ కోరమాండల్, మలబారు, శ్రీలంక తీరాల పడవల కొలతలు తీసి 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. ఫ్రెంచి నౌకాదళంలో ఎడ్మాన్ పారీ ఇంకా పట్టుదల మనిషి. ఓడ ఏ రేవులో ఆగినా అక్కడి పడవ దగ్గరికి టేపు పట్టుకుని పోయేవాడు. 1837లో మొదలైన ప్రయాణంలో మన దేశంలోనే ఒక ఇనుప కార్ఖానా చూడబోయి, యంత్రంలో పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. 1841లో ఆయన పుస్తకం రావడం మొదలైంది. యూరప్ కాని దేశాల పడవలు ఎన్నో కొలతలతో సహా అందులో ఉన్నాయి. 1871 నుంచి చనిపోయేదాకా పారిస్ నౌకా మ్యూజియం ఆయన చేతిలోనే ఉంది, తన నక్షాల నుంచే అక్కడ మోడళ్ళు చేయించాడు. మన తీరపు పడవను కొలతల్లో చూడాలంటే ఒంటిచేతి ఫ్రెంచి దొర పుస్తకం తెరవాల్సి వస్తోంది. దీనికి సిగ్గుపడాలో ఆయనకు దణ్ణం పెట్టాలో తేల్చుకోవడం కష్టం. రెండూ చేయొచ్చు.

ఎడీ చెప్పిన కోరమాండల్ దోణి అనే ఓడనే తీసుకుందాం. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు బల్లపరుపు. మధ్యలో 7 అడుగుల వెడల్పున్న ఆ అడుగు రెండు కొసలకూ పోయేసరికి 10 అంగుళాలకు సన్నబడుతుంది. నలభై ఎనిమిదో వంతు అంటే ఒక అడుగుకు పావు అంగుళం. దోణి పదిహేడున్నర అంగుళాలు అవుతుంది, వెడల్పు అయిదు, లోతు మూడు. అడుగు మధ్యలో అంగుళం ముప్పావు, కొసల్లో అయిదు మిల్లీమీటర్లు. పుస్తకాల అరలో పట్టే ఓడ. పైన నిలబెట్టే సరంగు బొమ్మ అంగుళంన్నర కూడా ఉండడు.

ఇప్పుడు కర్ర. అసలు ఓడకు టేకు రాజు. బొమ్మకు మాత్రం పనికిరాదు. టేకు చారలు పెద్దవి, పదిహేడంగుళాల దోణి మీద అవి వేలెడు వెడల్పు చారల్లా కనబడి అసలు కొలతను చెడగొడతాయి. విదేశాల్లో పియర్, బాక్స్‌వుడ్ వాడతారు. మనకు ఏటికొప్పాక బొమ్మల అంకుడు ఉంది. తెల్లగా, నునుపుగా, చార కనబడనంత సన్నగా ఉంటుంది, ఉలి అంచుకు నిలుస్తుంది. కొండపల్లి తెల్లపొణికి తేలిక, చెక్కడానికి సులువు. అయితే పొణికితో దోణి పొట్ట లోపలి దిమ్మ వరకు చేసుకోవచ్చు, పైపలకలు చేస్తే అంచులు నలుగుతాయి. కొండపల్లివాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కు సందులు పూడ్చడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అతకడానికి ఫెవికాల్ ఉండనే ఉంది.

పలకలకు వంపు తేవాలంటే వేడినీళ్ళలో నానబెట్టి, ఇస్త్రీపెట్టె అంచున ఆనించి మెల్లగా వంచాలి. మేకుల స్థానంలో వెదురు. ఇది చూడముచ్చటైన పని. ఇనుపరేకుకు వరసగా ఒకదానికంటే ఒకటి చిన్న బెజ్జాలు పెట్టి, చీల్చిన వెదురు పుల్లను పెద్ద బెజ్జం నుంచి మొదలుపెట్టి ఒక్కోదాంట్లోంచి లాగుతారు. లాగినప్పుడల్లా పొట్టు రాలి పుల్ల గుండ్రబడుతుంది. చివరి బెజ్జం దాటేసరికి గుండుసూది అంత సన్నం. దాన్ని పలకలో దింపి, మీద మిగిలింది కోసి, ఎమిరీ కాగితం పడితే అసలు పడవ మీద కొయ్యమేకు తల ఎంత ఉంటుందో అంతే.

అయినా మొదటి పని దోణి కాకూడదు. మొదటిది కొల్లేటి తాటిదోనె కావాలి. అది ఇంకా కళ్ళెదుట ఉంది కాబట్టి. ముదురు తాటిచెట్టు పైచుట్టు నల్లటి చేవ, లోపలంతా మెత్తటి నార. మొద్దును నిలువునా చీల్చి లోపలిది తోడేస్తే దోనె అయిపోయింది. మొదలు వైపు ఉబ్బు అలాగే ఉంచితే ముక్కు. సన్నటి రెండో కొసను చెక్కముక్కతోనో బంకమట్టితోనో మూసేవారు. రెండు దోనెలు పక్కపక్కన కట్టి మీద బల్ల వేస్తే మనుషులు, సామాను దాటించే పంటు. చేలకు నీళ్ళు పారించే దోనె, పశువుల కుడితి దోనె, కొల్లేటి మీద గెడ వేసి తోసే దోనె, మూడూ ఒకే చెట్టు బిడ్డలు. చేపల చెరువులు వచ్చాక తవుడు బస్తాలు మోసేందుకు చెక్క పడవలు, తర్వాత ఫైబర్ పడవలు వచ్చాయి. తాటిదోనె పక్కకు జరిగింది.

దాన్ని కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. దోనె పక్కన ఒక తాడు బిగించి కట్టి, అడుగుకొకచోట వెడల్పు, లోతు రాసుకోవాలి. వంపు కోసం సోల్డరింగ్ తీగ చాలు. అది మెత్తన, వంచినచోట నిలుస్తుంది. దోనె పొట్ట మీద ఒత్తి, తీసి, పాత పేపరు మీద పెట్టి పెన్సిలుతో గీసుకోవడమే. ఇనుప తీగ అయితే చేతిలోంచి వదలగానే మళ్ళీ కొంత తిన్నబడుతుంది. ఒక్క జాగ్రత్త. కొల్లేటిలో టేపు పట్టుకుని కనబడితే “ఏ ఆఫీసు నుంచండీ?” అని అడిగితే ఆశ్చర్యపోకూడదు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం ప్రకటించి, 2005-06లో చెరువు గట్లు పగలగొట్టిన సరస్సు అది. అక్కడ కొలతంటే ఎవరిదో పొలం కింద నీళ్ళు వచ్చినట్టే. దోనె బొమ్మ చేస్తున్నామని ముందే చెప్పి, గెడ ఎలా వేస్తారో అడగడం మొదలుపెడితే మాట సాఫీగా నడుస్తుంది. పైగా టేపుకు అందని సంగతులు అలాగే బయటికొస్తాయి.

దోనె బొమ్మకు మాత్రం అసలు తాటికర్రే వాడాలి. పాత పెంకుటింటి వాసం ముక్క చాలు. పన్నెండో వంతులో పదిహేనడుగుల దోనె పదిహేనంగుళాలు. తాటి నారల చార ఇక్కడ పెద్దదిగా కనబడుతుంది నిజమే, అయినా పలకలు లేని పడవకు ఆ నల్లచారే అందం.

చేయి తిరిగాక మసూలా పడవ. మేకు లేకుండా, లోపల వంపు కర్రలు లేకుండా, పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టిన పడవ ఇది. అలల్లో ఇసుక మీద పడ్డా విరక్కుండా వంగుతుంది. ఓడరేవులు రాకముందు మద్రాసులో ఓడ దిగినవాళ్ళను ఒడ్డుకు చేర్చింది ఇదే. ముప్పై అడుగుల పడవ ఇరవై నాలుగో వంతులో పదిహేనంగుళాలు. అంతకు చిన్నది చేస్తే కుట్టు కుదరదు. అంకుడు పలకల అంచున వరసగా సన్న బెజ్జాలు వేసి, టీ డికాక్షన్‌లో ముంచి తేనెమైనం పట్టించిన నూలు దారంతో కుట్టాలి. కుట్ల కింద సందు మీద గడ్డి బదులు సన్నటి కొబ్బరి పీచు పెట్టాలి. బిగించి లాగితే పలక బెజ్జం దగ్గర చీలుతుంది, వదులుగా వదిలితే సందు నోరు తెరుస్తుంది. అందుకే ఈ కుట్టు ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవడం మేలు. వానాకాలంలో తేమకు ఉబ్బిన పలకలను కుడితే వేసవికి అవి కుంచించుకుని కుట్లన్నీ వదులైపోతాయి. ఎండల్లో కొంచెం సడలుగా కుట్టినదైతే జులై వానలకు పలకలు ఉబ్బి తమంతట తామే బిగుసుకుంటాయి.