విడిపోయినవారి మైత్రి: మధురవాణీపాత్ర విచారము

అలంకారశాస్త్రకర్తలు శృంగారనాయికల నవస్థాభేదమునుబట్టి యెనమండ్రనుగా విభజించిరి. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, ఖండిత, కలహాంతరిత మొదలగు వీరెల్లరును ప్రియుని గోరియో, కోపించియో, యెదురుచూచియో యుండువారే. బంధము తెగిన పిదపను మైత్రి తెగని స్త్రీకి వీరిలో స్థానము లేదు. వాత్స్యాయనుడు వైశికాధికరణమున, విడిపోయిన విటుని మరల జేర్చుకొను విధమును బ్రత్యేకముగా జర్చించెను. కాని యచట ముఖ్యముగా బరిశీలింపబడునది వాని ధనమును, చిత్తవృత్తియు, పునస్సమాగమమువలని లాభమును.

1909వ సంవత్సరమున వెలువడిన పరివర్ధిత కన్యాశుల్కమందు గురజాడ అప్పారావుగారు చిత్రించిన మధురవాణి యీ రెండు కొలతలకును లొంగదు. కరటకశాస్త్రి యామెకు బూర్వవిటుడు. మేనకోడలగు సుబ్బిని ముసలి లుబ్ధావధానుల పాలుగాకుండ దప్పింప గోరి, శిష్యునకు ఆడువేషము వేసి, యాతడు రామచంద్రపురము వచ్చి యామె సాయము వేడును. అప్పటికామె రామప్పంతులు పోషణలో నున్నది.

ఇట నొక యాక్షేపము పుట్టవచ్చును: పూర్వవిటులయెడ మంచిమాట వేశ్యకు వృత్తిధర్మమే గదా, దానిని మైత్రి యననేల? కథాగమనమే దీనికి సమాధానము. వృత్తిలాభమునే చూచుకొన్నచో నామె ప్రస్తుతపోషకుని పక్షము వహింపవలసియుండెను. ఆమెయో యాతనిని వంచించి పాతవానికి దోడ్పడును. కరటకశాస్త్రియు సమాగమము గోరి వచ్చినవాడు కాడు. వారిని గలిపినది యొక బాలిక బ్రతుకు. పాతచనువు వారి మాటలలో హాస్యమై మిగిలినదేకాని, కార్యమునకు హేతువు కాలేదు.

గిరీశమును ఆమెకు బూర్వవిటుడే. అయినను వితంతువగు బుచ్చమ్మను లేవదీసికొనివచ్చిన యాతని గుట్టు సౌజన్యారావుపంతులుగారి యెదుట నామెవలననే బయల్పడును. పూర్వస్నేహము దోషమును గప్పిపుచ్చజాలదని కవి యిట జూపెను. కరటకునితోడి మైత్రియు, గిరీశముతోడి వైముఖ్యమును ఒకే వివేకమునకు రెండు ముఖములు. ఒకప్పుడు వాడు తనకేమయ్యెనని కాక, యిప్పుడు పరులకేమి చేయుచున్నాడని యామె చూచును.

కావున మధురవాణిని సామాన్యనాయిక యని పేర్కొని పాఠము ముగించుట చాలదు. లక్షణమునకు లొంగని పాత్ర యెదురైనపుడు పాత్రను గుదించుటకంటె లక్షణమును విస్తరించుటయే విమర్శకునకు యుక్తము.