పీఠం మీద ఇంకెవరున్నారు?

మట్టితో మనిషి బొమ్మ చేసేవాళ్లకు మోకాలు పెద్ద పరీక్ష. నేలకు దిగిన ఆ మోకాలు మొక్కుతోందో, దూకబోతోందో చూడగానే తెలియాలి. తీరిక దొరికితే బంకమట్టి పిసుకుతూ కూర్చునే నాకు, ఈ మధ్య రెండు కంచు విగ్రహాల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడటం అలవాటైంది. రెండూ బానిసత్వం నుంచి విముక్తికి గుర్తుగా నిలిపినవే. రెండింటిలోనూ మనిషి మోకాలి మీదే ఉన్నాడు.

ఒకటి వాషింగ్టన్‌లోని లింకన్ పార్కులో ఉంది. థామస్ బాల్ చెక్కిన రూపం, 1876లో ఆవిష్కరించారు. అమెరికా అధ్యక్షుడు లింకన్ నిలబడి చెయ్యి చాపి ఉంటాడు. ఆయన కాళ్ల దగ్గర, సంకెళ్లు తెగిన నల్లజాతి మనిషి. చందాలిచ్చింది బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లే. షార్లెట్ స్కాట్ అనే ఆవిడ ఇచ్చిన 5 డాలర్లతో మొదలైంది. రూపాన్ని ఖాయం చేసింది మాత్రం వేరేవాళ్లు. ఆవిష్కరణ సభలో మాట్లాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్, కొద్ది రోజులకే ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ నల్లవాడి విగ్రహాన్ని కూడా చూడాలని ఉందన్నాడు.

రెండోది హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లోని 'నెగ్ మావోన్', అంటే తప్పించుకున్న బానిస. 1967 నాటి ఈ విగ్రహ శిల్పి ఆల్బెర్ మాంగోనెస్, వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. బరువు ఎటు మొగ్గాలో తెలిసిన చెయ్యి. ఒక మోకాలు వంగింది, రెండో కాలు వెనక్కి బారుగా సాగింది, చీలమండకు తెగిన గొలుసు. ఒక చేత కత్తి, ఇంకో చేత శంఖం. తల వెనక్కి వాల్చి ఊదుతున్నాడు. 1791లో తోటల్లో రగిలి, 1804లో స్వతంత్ర దేశంగా నిలిచిన తిరుగుబాటుకు పిలుపు అది.

బాల్ విగ్రహంలో మన చూపు లింకన్ చేతి దగ్గర ఆగిపోతుంది. మాంగోనెస్ విగ్రహంలో గొలుసు దగ్గర బయల్దేరి, వెన్ను మీదుగా శంఖానికి చేరి, ఆకాశంలోకి పోతుంది. ఆపేవాడు లేడు.

విచిత్రమేమంటే, దీన్ని పెట్టించింది జనాన్ని భయంతో అణిచిన ఫ్రాన్స్వా డువాలియే ప్రభుత్వం. అయినా పీఠం మీద అతనికి చోటు దక్కలేదు. అక్కడ సొమ్ము పెట్టినవాళ్లు కిందికి ఒదిగారు, ఇక్కడ పెట్టించినవాడు కనిపించనే కనిపించడు. మోకాలిని ఎంత బాగా తీర్చినా సరే, పక్కన ఉపకారిని నిలబెడితే అది మొక్కుగానే మిగులుతుంది.