పరమగీతము, రాధికా సాంత్వనము, పాఠశాల బీరువా: ఒక విమర్శ

ఉన్నత పాఠశాల గ్రంథాలయంలో లైంగిక విషయాలున్న పుస్తకాలు ఉండవచ్చునా అనే ప్రశ్నను తల్లిదండ్రులు మొదట పాఠశాలలో అడుగుతారు, తరువాత సంఘకాపరి యొద్దకు తెస్తారు. గాజువాక, ఉక్కునగరం వైపు సంఘాలలో పరిచర్య చేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. "తీసివేయమని చెప్పండి" అనడమే కాపరికి సులువైన జవాబు. ఆ జవాబు ఏ కొలతపై నిలిచి ఉన్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ కొలత చాలావరకు ఒక్కటే. పుస్తకంలో నాలుగు పుటలు వేరుచేసి, పెన్సిలుతో గీతలు గీసి, "మా పిల్ల చదవవలసినది ఇదేనా?" అని చూపించడం. తెలుగు సాహిత్యంలో ఈ కొలతను బహిరంగంగా ప్రయోగించిన సందర్భం రాధికా సాంత్వనము. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని 18వ శతాబ్దంలో రచించిన శృంగార ప్రబంధమిది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్ళవారు ప్రచురించారు. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసింది.

మనం ఆలోచించవలసినది నిషేధం కంటే దాని వెనుక నడిచిన వాదన. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ముద్దుపళని పాండిత్యాన్ని కాదనలేదు. స్త్రీలు వినదగని మాటలు ఒక స్త్రీ నోట వచ్చాయన్నదే ఆయన అభ్యంతరం. నాగరత్నమ్మ తన పీఠికలో అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ పదును తగ్గలేదు. ఈ సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు వర్తించదా? పంతులుగారి రసికజనమనోభిరంజనము మాటేమిటి? పరీక్షకు పఠనీయంగా ఆమోదం పొందిన వైజయంతీవిలాసము మాటేమిటి? వితంతు వివాహాల కోసం అంత పోరాడిన సంస్కర్త ఇక్కడ రచనను తూచాడా, రచయిత్రిని తూచాడా అనే సందేహం నాకు తీరలేదు.

ఇదే పెన్సిలును మన గ్రంథం మీద పెట్టి చూద్దాం. ఆదికాండము 38, న్యాయాధిపతులు 19, రెండవ సమూయేలు 13, యెహెజ్కేలు 16, 23 అధ్యాయాలు ఎన్ని పుటలు మిగులుతాయి? ఒహొలా, ఒహొలీబాల ప్రసంగాన్ని ఆదివారం ఆరాధనలో ఆసాంతం చదివి వినిపించే కాపరులు ఎందరు? ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, డేవిస్ పాఠశాలల పరిధిలో, ఒక ఫిర్యాదు ఆధారంగా 2023లో చిన్న తరగతుల గ్రంథాలయాల నుండి బైబిలునే తొలగించారు. అదే నెలలో తిరిగి పెట్టవలసివచ్చింది. ఇతర పుస్తకాలను తీయించడానికి తెచ్చిన చట్టమే బైబిలు మీదికి తిరిగింది. మన పట్టణానికి ఇందులో ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ ఇక్కడే సువార్తలను తెనిగించే పని మొదలుపెట్టారు. వారి తరువాత ప్రిచెట్ ఇక్కడినుండే ఆ పని కొనసాగించాడు. ఆయన తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయింది. గ్రంథాన్ని ప్రజల భాషలో ప్రజల చేతికివ్వడమంటే, ఇబ్బంది పెట్టే పుటలను కూడా ఇవ్వడమే.

అయితే "అన్నీ అందరికీ" అనే వాదం కూడా నిలువదు. సంఘ పితరులు ఇంతకంటే జాగ్రత్తగా ఆలోచించారు. పరిపక్వమైన వయస్సు రాకముందు పరమగీతము చేతికివ్వకూడదన్నది యూదుల ఆచారమని ఓరిగెను చెబుతాడు. జెరోము లేటా అనే తల్లికి, ఆమె కుమార్తె పౌలా పెంపకం గురించి వ్రాసిన ఉత్తరంలో చదువుకు ఒక వరుస పెట్టాడు. మొదట కీర్తనలు, తరువాత సామెతలు, ప్రసంగి, యోబు, ఆపైన సువార్తలు. అలా సాగి చిట్టచివర పరమగీతము. మొదటే చదివితే దాని లోతు తెలియక పిల్ల గాయపడుతుందని ఆయన భయం. గమనించండి, ఆయన పుస్తకాన్ని బీరువాలో నుండి తీసివేయలేదు, పై అరలో పెట్టాడు. (అదే ఉత్తరంలో ఎదిగిన కన్య స్నానశాలకు పోవడం కూడా ఆయనకు ఇష్టం లేదు. శరీరమంటే ఆ జంకును మనం వారసత్వంగా తీసుకోనక్కరలేదు.)

మన దేశంలో ఈ వరుసను గూర్చిన చర్చ జరగవలసిన చోట మౌనం జరిగింది. 2005లో మొదలైన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు నిలిపివేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన ఎం. వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. పాఠశాలల్లో లైంగిక విద్య వద్దని, మహనీయుల జీవితాలు బోధించాలని, హెచ్.ఐ.వి. వంటి సంగతులు జీవశాస్త్రంలో ప్లస్ టూకు ముందు రాకూడదని అందులో సిఫారసు చేశారు. మహనీయుల జీవితాలపై ఎవరికీ అభ్యంతరం లేదు. కాని ఆ రోజుల్లో హెచ్.ఐ.వి. అధికంగా వ్యాపించిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నావికులు, లారీ డ్రైవర్లు వచ్చిపోయే రేవులో, పదవ తరగతితో చదువు మానేసే పిల్లవాడికి ఆ పాఠం ఎప్పుడు అందుతుంది?

ఇక్కడ రెండవ సమూయేలు 13ను నెమ్మదిగా చదవాలి. అమ్నోను చేసిన దాన్ని కథకుడు మెత్తని మాటలతో కప్పలేదు. తామారుకు నోరిచ్చాడు. ఆమె వాదిస్తుంది, ఇది దుష్టకార్యమని పేరు పెట్టి చెబుతుంది, బలాత్కారం జరిగిన తరువాత కేకలు వేస్తూ వెళుతుంది. ఊరకుండమన్నది ఆమె అన్న అబ్షాలోము. తండ్రియైన దావీదు మిక్కిలి కోపపడ్డాడు, అంతే. ఆ అధ్యాయంలో లైంగిక విషయం ఉన్నది గనుక పిల్లలకు దూరంగా ఉంచాలనేవారు గమనించవలసినది, అందులో పిల్లకు అవసరమైన మాటలు కూడా ఉన్నాయని. జరిగినదానికి పేరు తెలియని పిల్ల ఫిర్యాదు చేయలేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. కాపరికి, హాస్టలు వార్డెనుకు ఇందులో మినహాయింపు లేదు.

కాబట్టి పెన్సిలు గీతల కొలతకు బదులు ఈ అధ్యాయమే నేర్పే మూడు ప్రశ్నలు అడగవచ్చు. రచన హింసను హింస అంటున్నదా, వినోదంగా చూపుతున్నదా? అందులో స్త్రీ మనిషిగా ఉన్నదా, వస్తువుగా ఉన్నదా? చదివిన పిల్ల సందేహం అడగడానికి దగ్గర పెద్దవారెవరైనా ఉన్నారా? మూడవ ప్రశ్నకు మన ఇండ్లలో వచ్చే జవాబు నిరుత్సాహకరం. పరమగీతాన్ని క్రీస్తు, సంఘముల ప్రేమగా మాత్రమే బోధించి, ఆ దంపతుల శరీరాలను వేదికపై నుండి మాయం చేసిన మనం, ఆ మాటలు పిల్లలు ఫోనులో నేర్చుకుంటే ఆశ్చర్యపోతాం.

చలం మైదానము సంగతి తల్లిదండ్రులు తరచుగా అడుగుతారు. ఆయన పాఠశాలల తనిఖీ ఉద్యోగం చేసినవాడని చెబితే నమ్మరు. నా అభిప్రాయం ఇది. ఎనిమిదవ తరగతి బీరువాలో అది వద్దు. రాజేశ్వరి మోహం అర్థమయ్యే వయస్సులో, ఆ మోహం తరువాత వచ్చే గర్భం, అసూయ, మరణం అర్థం కావు. కళాశాల గ్రంథాలయంలో మాత్రం ఉండవలసిందే, చర్చించగల అధ్యాపకురాలు ఉంటే ఇంకా మంచిది. రాధికా సాంత్వనము డిగ్రీ స్థాయికి చెందినది, భాష దృష్ట్యా కూడా. రెండవ సమూయేలు 13 అయితే తొమ్మిదవ తరగతి సండేస్కూలులోనే చదివించవచ్చు, బోధించేవారు ముందుగా ఆ పిల్లల తల్లులతో మాట్లాడి ఉంటే.