ఎదురు చెప్పని రోగి

హిందూపురం నుంచి లేపాక్షికి పోతే వీరభద్రస్వామి గుడి గోడమీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరుపణ్ణ, రాజుగారి ఖజానా సొమ్మును ఈ గుడికి ఖర్చుపెట్టాడని నింద పడింది. కళ్లు తీయించమని ఆజ్ఞ అయిందట. భటులు వచ్చేలోపు ఆయనే తన కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట. ఆ మరకలు అవేనంటారు.

ఫ్రాయిడ్‌ను కాస్త చదివినవాడు ఈ కథ వింటే ఊరుకోలేడు. 1919లో రాసిన ఒక వ్యాసంలో ఆయన, కళ్లు పోతాయన్న భయం వెనక తండ్రి వేసే శిక్ష భయం ఉందన్నాడు. తండ్రిని చంపిన ఈడిపస్ చివరకు తన కళ్లు తానే పొడుచుకున్నాడు. నేనూ చాలాకాలం లేపాక్షిని అలాగే చదివాను. చదివేకొద్దీ గుడి కూడా కలిసొచ్చింది. మంటపం కప్పుమీది బొమ్మల్లో మనునీతి చోళుడి కథ ఉంది. కొడుకు రథం కింద ఆవుదూడ చచ్చిపోయినందుకు ఆ కన్నకొడుకునే రథచక్రాలకు బలిచ్చిన రాజు ఆయన. గర్భగుడిలో ఉన్న వీరభద్రుడేమో సతీదేవి తండ్రి దక్షుడి తల తెగ్గొట్టినవాడు. దేవుడు ఒక తండ్రి తల తీస్తుంటే, కప్పుమీద తండ్రి కొడుకును చంపిస్తున్నాడు. గోడ దగ్గర కొలువుద్యోగి ప్రభువు వేయాల్సిన శిక్షను తానే వేసుకుంటున్నాడు.

మన కథల్లో కొడుకు తండ్రిని చంపడం తక్కువ, తండ్రి కోసం కొడుకే ఏదో ఒకటి వదులుకోవడం ఎక్కువ అని జానపద కథల పండితుడు ఏ.కె. రామానుజన్ చూపించాడు. యయాతికి పూరువు యవ్వనం ఇచ్చాడు, శంతనుడి కోసం భీష్ముడు పెళ్లి మానుకున్నాడు. విరుపణ్ణను ఆ వరుసలో నిలబెట్టి చూడటం నాకు మనోవిశ్లేషణ శాస్త్రమే నేర్పింది. ఈ గుడి బొమ్మల్లోని చీరల అంచులూ రంగులూ మాత్రమే వర్ణించి వదిలేసే కళాచరిత్ర పుస్తకాల మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపం.

అయితే ఫ్రాయిడ్ ఈ విద్యను గుడిగోడల దగ్గర నేర్వలేదు. పడకమీద పడుకుని మనిషి మాట్లాడుతుంటే విని నేర్చాడు. ఆ మనిషి ‘కాదు’ అంటాడు, అలిగి లేచిపోతాడు. వైద్యుడి ఊహకు అదే పగ్గం. 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, తన భారతీయ రోగుల్లో ఫ్రాయిడ్ చెప్పిన భయం అంత గట్టిగా కనబడటం లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరం రాశాడు. రోగులు ఎదురు చెప్పబట్టే బోస్ ఆ మాట రాయగలిగాడు. విరుపణ్ణ ఏం చెబుతాడు? శాసనాల్లో ఉండేవి గుడికి రాసిచ్చిన భూములూ ఊళ్లూ, కళ్ల కథ బతికింది జనం నోట. కల్యాణ మంటపం సగంలో ఆగిపోవడానికీ ఆ కళ్లే కారణమంటారు. డబ్బు చాలక ఆగిందేమోనని నా అనుమానం. ఈ కథ ఎవరి నోట, ఏ ప్రభువు మీది కసితో పుట్టిందన్నది చరిత్రకారుడు తేల్చాలి.

పెనుకొండ బాబయ్య దర్గాలో మాత్రం మాట్లాడే మనుషులుంటారు. మా సీమలో హిందువుల ఇళ్లలోనూ పీర్ల పేర్లు పెట్టుకున్న బాబయ్యలూ ఫక్కీరప్పలూ మస్తానప్పలూ కనిపిస్తారు. ధర్మవరం నుంచి మనవడితో వచ్చిన ఒక మగ్గాలింటి పెద్దావిడను అడిగాను.

“పిల్లోనికి బాబయ్య పేరెందుకు పెట్టినారమ్మా? కలలో వచ్చినాడా?”

“కలెందుకు నాయనా? ఏటేటా మేమే వస్తాము కదా. వాళ్ల జేజినాయనదీ ఇదే పేరు.”

అందరిలోనూ పాతుకుపోయిన ఆదిరూపాలు కలల్లో తేలతాయన్నాడు యూంగ్. ఆమె చెప్పింది ఇంటి ఆనవాయితీ. అది లోకమంతటిదీ కాదు, ఆమె ఒక్కదానిదీ కాదు. మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ ఈ సంగతికి దగ్గరగా వచ్చాడు. ఢిల్లీలో ఒక పీరు దగ్గరా, రాజస్థాన్‌లో మెహందీపూర్ బాలాజీ గుడిలోనూ కూర్చుని 1982లో పుస్తకం తెచ్చాడు. అక్కడి వైద్యం మనిషిని ఒంటరిగా లోపలికి తవ్వదని, తిరిగి తనవాళ్లలో కలుపుతుందని గమనించాడు. కాకపోతే ఆయన చూసినవాళ్లు బాధతో వచ్చినవాళ్లు. ఏ బాధా లేకుండా, ఏడాదికోసారి సద్దిమూటతో పిల్లల్ని వెంటేసుకుని వచ్చి చక్కెర చదివించి పోయే కుటుంబం గురించి, నేను చదివినంతలో, ఈ శాస్త్రం దగ్గర పెద్దగా మాటల్లేవు.