మూడు మెట్లు దిగితే

పై వాటా కుర్రాడు బేస్ గిటార్ కొన్నాడు. ఈ వారం వాడు నాలుగు తీగల్నీ మూడు అరస్వరాలు దించేశాడు. లావు తీగ ఫ్రెట్లకు కొట్టుకుని ఒకటే గరగర. ఓర్చుకోలేక మెట్లెక్కాను. పాఠం చెప్పడం నా జబ్బు.

"తీగలు మార్చబ్బోడా! మూడు మెట్లు దిగితే బిగువు నూటికి ముప్పై పోతుంది. అది నిలబడాలంటే తీగ ఇంచుమించు ఐదో వంతు లావెక్కాల. నీ 105 సైజు తీగ 125 కావాల."

ఈ లెక్క నాకు అబ్బింది తంబురా దగ్గర. బైరాగిపట్టెడలో మా సంగీతం టీచరమ్మ ఐదున్నర శ్రుతిలో పాడేది. అరవై దాటాక గొంతు నాలుగుకు దిగింది. సరిగ్గా మూడు అరస్వరాలే. సారణికి 30 నంబరు స్టీలు తీగ ఉండేది. బిరడా వదులు చేస్తే అది వేలాడిపోయింది. తీగల కింది గుర్రం మీద జీవ దారాన్ని ఎంత జరిపినా ఆ ఝుంకారం రాదే! సైకిలేసుకుని పోయి 28 నంబరు తెచ్చాను. ఈ నంబర్లదో తిరకాసు, నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. 0.315 మిల్లీమీటర్ల నుంచి 0.376కు. లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. గదంతా నాదం. నేను కాలరెగరేశాను.

పది రోజులకు పోయి చూస్తే మళ్లీ పాత తీగే.

"బాగానే పలికింది నాయనా, నా వేలే ఓర్చుకోలే" అని చూపుడువేలి కణుపు నొక్కుకుంది. జీవకు వేరే పోగు వేసి, వేలి పక్కతో మెత్తగా మీటుతోంది. నాదం కొంచెం సన్నబడింది, గొంతూ అంతే ఉంది.

ఇదంతా విని కుర్రాడు నవ్వాడు. "అంకుల్, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమి తీగలు దించింది కూడా వేళ్ల కోసమే. ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు తెగిపోయినాయి. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌కి దించిందీ ఇట్లే మూడు మెట్లు. వదులు కోసం దించి, మళ్లీ లావు తీగేసి బిగిస్తే ఇంక దించిందెందుకు?"

టీచరమ్మకూ ఆ రోజు నేను జవాబు చెప్పలేదు.

"సరే, కొంచెం మెత్తగా మీటు" అన్నాను. మీటాడు. గరగర సగం తగ్గింది. మిగతా సగం వాడికి కావాలట.