మొక్క పెరిగినంతమాత్రమున నేల శుద్ధమైనట్లా?

కెనడాలోని సడ్బరీ ప్రాంతము నికెలు గనులకు ప్రసిద్ధి. ఖనిజమును కాల్చి కరగించునపుడు వెలువడిన గంధకపు పొగ, లోహపు ధూళి అచ్చటి కొండలను బోడిచేసినవి. ఆ సమీపపు మట్టినుండి వేరుచేసిన క్లూయ్‌వెరా అస్కార్బేటా అను బాక్టీరియమును గూర్చి బర్డ్, డిక్సన్, గ్లిక్ అనువారు 1998లో ఒక పత్రమును ప్రకటించిరి. ఇట్టి పరిశోధనలను వివరించునపుడు 'బాక్టీరియా నేలను శుభ్రపరచును' అని ఒక్కమాటలో తేల్చివేయుట కద్దు. ఈ పత్రము ఆ మాట చెప్పలేదు.

కనోలా ఆవకుటుంబమునకు చెందిన నూనెగింజల మొక్క. దాని విత్తనములకు బాక్టీరియమును పట్టించగా, నికెలు అధికముగానున్నను మొలకలు అంతగా కుంగక పెరిగినవి. ఇంతటితో ఆగినను పత్రమొకటి సిద్ధమయ్యెడిదే! రచయితలు ఆగలేదు. వేళ్ళలోను, పైభాగమునను చేరిన నికెలును కొలిచిరి. మిల్లీగ్రాము ఎండు బరువునకు లెక్కించినచో, బాక్టీరియమువలన చెప్పుకోదగిన తేడా కానరాలేదు. పత్రమునకు ప్రాణము ఈ కొలతయే.

మరి మొక్క ఎట్లు తట్టుకొన్నది? బాధకు లోనైన మొక్క ఎథిలీను వాయువును ఎక్కువగా పుట్టించును. మాగవేసిన మామిడికాయలను పండించునది ఈ వాయువే; మితిమీరినచో వేళ్ళ పెరుగుదలను అణచును. దీనికి ముడిసరకు ఏ.సి.సి. అను పదార్థము. బాక్టీరియములోని ఎంజైము దానిని అమ్మోనియాగను, ఆల్ఫా-కీటోబ్యుటిరేటుగను విడగొట్టును. అనగా మొక్కలోని విషము పోలేదు, విషమువలన కలిగిన కలవరము తగ్గినది. దీనినైనను రచయితలు 'కావచ్చును' అనియే వ్రాసిరి. ఆ జాగ్రత్త మెచ్చదగినది.

పత్రపు పరిధి చిన్నది. పొలములో వేలకొలది ఇతర సూక్ష్మజీవుల నడుమ ఈ బాక్టీరియము ఎన్నాళ్ళు నిలుచునో మొలకలనుబట్టి చెప్పరాదు. అంతకన్న ముఖ్యమైన చిక్కు వేరొకటి. నికెలు మూలకము, ముడినూనెను విరిచినట్లు దానిని విరుగగొట్టగల బాక్టీరియము లేదు. మొక్క పెద్దదైనకొలది అది మోయు మొత్తము నికెలు పెరుగును, నిజమే. కాని కోసి తరలింపనిచో ఆకు రాలి, లోహము తిరిగి మట్టినే చేరును. పచ్చగా నున్నదని పశువులకు మేపినచో? పాలిపోయిన మొక్కను చూచి రైతు అనుమానించును. ఏపుగా పెరిగినదానిని ఏల అనుమానించును?

సడ్బరీ కొండలు తిరిగి పచ్చబడినది 1978లో ప్రారంభమైన వేరొక కార్యక్రమమువలన. సున్నపురాతి పొడి చల్లి, గడ్డివిత్తనములు వేసి, చెట్లు నాటిరి. సున్నము మట్టి ఆమ్లతను తగ్గించి, లోహములు వేళ్ళకు సులభముగా అందకుండ చేయును. అచ్చటను లోహము నేలలోనే ఉన్నది.